గుండ్ల దగ్గర ఇల్లు

కనుమ నాటి రాత్రి తెలకపల్లిలో, మా పుట్టింటి మిద్దె మీద మొదలైంది ఈ వాదన. ఒకరు మా ఆయన, ఇంకొకరు నా తమ్ముడు. ఇద్దరూ బండలెక్కేవాళ్లే. మా ఆయనది తెనాలి దగ్గర పల్లెటూరు. నల్లరేగడి, కాలవలు, వరిచేలు. ఆ ఊళ్లో రాయి చూడాలంటే రైలు పట్టాల దాకా వెళ్లాలి. ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాక ఒక ఆదివారం ఎవరో ఖాజాగూడ గుట్టలకి తీసుకెళ్తే అక్కడ ఎక్కడం మరిగాడు, పదేళ్లయినా మానలేదు. తమ్ముడు గుండ్ల మధ్యే పుట్టాడు. మేకల వెంట పోయి ఉత్తకాళ్లతో ఎక్కి దిగేవాడు. తాడు, ముళ్లు, నడుముకి కట్టుకునే పట్టీలు, ఇవన్నీ వాడికి నేర్పింది మా ఆయనే.

ఆ సాయంత్రం మా ఆయన నాన్నతో ఒక మాటన్నాడు. పొలం చివర గుండ్ల వైపు రెండు గదులు వేసుకుని ఇక్కడే ఉండిపోతామని, ఉద్యోగం ఎలాగూ ఇంటి నుంచే కదా అని. నాన్న తలూపి ఊరుకున్నాడు. తమ్ముడు ఊరుకోలేదు. వాళ్ల మాటలు గుర్తున్నంత వరకు రాస్తున్నాను. నేను ఎటువైపూ లేనని చెప్పను. ఎక్కేవాడు నా పెనిమిటి, కింద తాడు పట్టేవాడు నా తోడబుట్టినవాడు.

తమ్ముడు: ఈడ ఇల్లెందుకు బావా? పండుగకొస్తున్నవు, నాలుగు దినాలు ఎక్కుతున్నవు, పోతున్నవు. మంచిగనే ఉన్నది గద.

ఆయన: నాలుగు రోజులు చాలకే అడుగుతున్నా. హైదరాబాద్‌లో ఆదివారం నాలుగున్నరకి లేస్తేనే నాకు రాయి దొరికేది. తొమ్మిదయ్యేసరికి బండ వేడెక్కిపోతుంది. అదీ ఉన్నన్నాళ్లే. నేను మొట్టమొదట ఎక్కిన గుండు ఇప్పుడు లేదు. దాని చోట మూడంతస్తుల లోతు సెల్లార్ గొయ్యి ఉంది. 1996 నుంచి ఆ ఊళ్లో రాళ్లని కాపాడదామని ఒక సొసైటీయే పనిచేస్తోంది. దుర్గం చెరువు రాళ్లలాంటివి వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కించారు. అయినా నేను వెళ్లే దారిలో ఏటా ఒక గుట్ట తగ్గుతూనే ఉంది.

తమ్ముడు: ఈడ తగ్గుతలేవా? కల్వకుర్తి తొవ్వల వచ్చినవు గద, కంకర మిషన్లు కనవడలేదా? నీకు సిటీల సెల్లార్ కనవడ్డది. ఆ సెల్లార్ మీద లేసిన బిల్డింగుల కంకర యాడికెల్లి పోయిందనుకున్నవు?

(ఈ మాటకి మా ఆయన కాసేపు ఏమీ అనలేదు. మాకు మణికొండలో ఫ్లాటు ఉంది.)

ఆయన: అది నిజం. అందుకే ఇక్కడ ఉండాలంటున్నా. ఆదివారం వచ్చి పోయేవాడికి గుండు పోయాకే తెలుస్తుంది. ఊళ్లో ఉన్నవాడికి డ్రిల్లింగ్ బండి వచ్చిన రోజే తెలుస్తుంది. ఇంకొకటి చెప్పనా? ఈ రాయిలాంటి రాయి ఎక్కడా లేదురా. సుమారు రెండువందల యాభై కోట్ల ఏళ్ల నాటిది. భూమి లోపల ఎంతో లోతున గట్టిపడింది. పగుళ్ల వెంట నీళ్లు దిగి, లోపలే చుట్టూ కుళ్లి, ఆ కుళ్లిన మట్టి వానలకి కొట్టుకుపోయాక మిగిలినవి ఈ గుండ్లు. ఎవరో పేర్చినట్టుంటాయి గానీ ఎవరూ పేర్చలేదు. ఉన్నచోటే ఉన్నాయి, చుట్టూ ఉన్నదే పోయింది.

తమ్ముడు: ఉల్లిగడ్డ లెక్క పొరలు పొరలు లేస్తయి. మా తాత గాళ్లు పరుపు బండ మీద మంట వెట్టి పొర లేపుతుండిరంట. నువ్వు చదివి చెప్తున్నవు, ఆళ్లు కొట్టి చెప్పిండ్రు. నేను కాదంటలేను, రాయి మంచిదే. రాయి మంచిదైతే మాత్రం ఉండనీకి సరిపోతదా అంటున్న.

ఇక్కడ ఆ పొద్దున జరిగింది ఒకటి చెప్పాలి. మా చేను అవతల రెండంతస్తుల ఎత్తు గుండు ఉంది. దాని ఎడమ పక్కన మనిషి ఎత్తు నుంచి పైకి వరసగా పదకొండు గుంతలు. బెత్తెడు దూరానికొకటి, మూడు వేళ్లు పట్టేంత వెడల్పు, రెండు కణుపుల లోతు. ఇనుప చీలలు దించి రాయి చీల్చడానికి ఉలితో తొలిచినవి. గీత గీసినట్టు పైకి వెళ్లి, పదకొండో దాని దగ్గర ఆగిపోయాయి. అక్కడ అడ్డంగా ఒక నెర్రె పోయింది. ఇక రాయి నిలువుగా చీలదని అప్పటి మేస్త్రీ వదిలేశాడట. నాన్న చిన్నప్పటికే అవి అలా ఉన్నాయి. ఆ పొద్దున మా ఆయన వాటిలో వేళ్లు దోపుకుంటూ ఎక్కాడు. ఐదోదాని దగ్గర ఆగి కిందికి కేకేశాడు, లోపల ఉలి గాట్లు ఇంకా గరుగ్గా తగులుతున్నాయని. ఎండావానా చేరని చోటు కదా, అరిగిపోలేదు. దిగాక నన్నూ తాకి చూడమన్నాడు. కింది గుంతలో వేలు పెట్టాను. ఏటవాలుగా, ఒకదాని పక్కన ఒకటి, సన్నటి గీతలు. ఆ మనిషి కుడిచేతివాటమని వేలికి తెలిసిపోతోంది.

రాత్రి మాటల్లో అదీ వచ్చింది.

ఆయన: మాలో ఒక కట్టుబాటుంది. పట్టు దొరకడం లేదని ఎవడైనా ఉలి తెచ్చి రాయి తొలిస్తే వాణ్ని వెలివేసినంత పని చేస్తారు. రాయి ఎలా ఉంటే అలా ఎక్కాలి, లేదంటే దిగిపోవాలి.

తమ్ముడు: మరి పొద్దుగాల ఎక్కినవు గద, ఆ గుంతలల్ల చెయ్యి వెట్టి?

ఆయన: అవి ఎక్కడానికి తొలిచినవి కావు.

తమ్ముడు: బువ్వకు తొలిచినయి. గదే చెప్తున్న బావా. ఈ గుండ్లతోని ఈడోళ్లకు ఉన్న సంబంధం అది. రోజు కూలి కాక మిగిలింది ఏమన్న ఉంటే దుమ్ముతోని వచ్చిన దగ్గు. పాలమూరోళ్లు దేశమంత తిరిగి డ్యాములు కట్టిండ్రు, కాల్వలు తవ్విండ్రు. ఇంటి ముంగల బండ ఉండంగ బొంబాయి పోయి బండ కొట్టిండ్రు. నువ్వేమో తెనాలి కెల్లి వచ్చి ఇది స్వర్గమంటున్నవు.

ఆయన: స్వర్గమనలేదు. ఎక్కేవాడికి ఇంతకన్నా మంచి చోటు లేదన్నా, అంతే. చూడు, బండ చూసి ఊరు ఎంచుకున్నవాణ్ని నేను మొదటివాణ్ని కాదు. వనపర్తి వైపు ఖిల్లా ఘణపురం ఉంది కదా. పదమూడో శతాబ్దంలో గోన గణపారెడ్డి రెండు గుట్టలు కలిపి కోట కట్టాడు. ఇటు పానగల్లు, అటు కోయిలకొండ. వాళ్లందరూ నాలాగే రాయిని కింది నుంచి పైదాకా తేరిపార చూసినవాళ్లే. ఎవడూ ఎక్కలేని వైపు ఏదో చూసి అక్కడ గోడ కట్టకుండా వదిలేశారు. నేను అదే వైపు చూసి తాడు తీసుకొస్తున్నా.

తమ్ముడు: గణపారెడ్డి గుట్ట ఒక్కటే సూసుకోలేదు, కింద చెరువు సూసుకున్నడు. నీకు చెరువేది? అంటే నీళ్లని కాదు. నీకు అవసరమైనయి ఏమున్నయి ఈడ? మార్చి దాటినంక ఈడ బండ మీద చెయ్యి వెట్టలేవు. పొద్దుగాల ఏడింటికే కాలుతది. వానకాలం పాకురు, తేళ్లు. సలికాలం నాలుగు నెలలే నీది. ఆ నాలుగు నెలలల్ల గుండ్ల కడుపు కింద తేనెతుట్టెలు వడ్తయి. చిన్నయి కావు, పెద్ద ఈగలు. ఒకటి కుడితే వంద లేస్తయి. తాడు మీద ఏలాడుతున్నోడు యాడికి ఉరుకుతడు? గవులల్ల చిరుతపులి గిట్ల ఉంటది.

ఆయన: తేనెపట్టు ఉన్న వైపు వెళ్లం. ఎండల్లో నల్లమలకి వెళ్దాం. అచ్చంపేట దాటితే రాయే మారిపోతుంది. అది గ్రానైట్ కాదు, అడ్డంగా పొరలు పేర్చిన రాయి. ఉమామహేశ్వరం దగ్గర ఆ చరియ చూస్తే మెట్లు మెట్లుగా పట్టులే.

తమ్ముడు: సూడనీకే ఉన్నది అది. ఆడ దేవుడున్నడు, చుట్టూ అమ్రాబాద్ పులుల అడవి. ఫారెస్టోళ్లు తాడు కట్టనిస్తరా? కట్టనియ్యొద్దు గూడ. ఆ చరియల మీద ఎక్కి దిగే హక్కు ఎవలకన్న ఉంటే చెంచోళ్లకు ఉన్నది, తేనె తీసేటోళ్లకు.

(నాకు బాగా ఇష్టమైన సంగతి ఇక్కడ వచ్చింది కనుక కొంచెం ఆగుతాను. నల్లమల చెంచులు కొండతేనె కోసం చరియ పైనుంచి తాడు మీద దిగుతారు. కింద లోయ, ముఖం ముందు ఈగల తుట్టె, చేతిలో పొగ. పైన తాడు దగ్గర కాపలా ఎవరంటే బామ్మర్ది. సొంత అన్నదమ్ములకి కూడా కాదు, పెళ్లాం తమ్ముడికో అన్నకో ఆ పని అప్పగిస్తారట. అక్క బొట్టు వాడి చేతిలో ఉంటుంది కనుక తాడు వదలడని. ఈ మాట చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్పింది. నా పెళ్లయిన నాలుగేళ్లకి, మా తమ్ముడు ఆ గుండు కింద నిలబడి పైకి చూస్తూ చేతిలో తాడు బిగించడం మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ మాట గుర్తొచ్చి కాళ్లు వణికాయి. భయంతో కాదు.)

ఆయన: సరే, నల్లమల వదిలెయ్. హంపీకి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికల్లా చేరతాం. గద్వాల, రాయచూరు మీదుగా. ప్రపంచంలో బండలెక్కే ప్రతివాడికీ తెలిసిన ఊరు. 2003లో క్రిస్ షర్మ అనే అమెరికా కుర్రాడు ఆ గుండ్ల మీద ఎక్కిన సినిమా వచ్చాక ఎక్కడెక్కడి నుంచో వచ్చి నెలల తరబడి ఉన్నారు.

తమ్ముడు: ఉన్నోళ్లు ఎక్కనీకి వచ్చినోళ్లు. విరూపాపుర గడ్డిల గెస్ట్‌హౌసులు వెట్టుకున్న ఊరోళ్లు ఏమైండ్రు? 2020ల సుప్రీంకోర్టు తీర్పొచ్చింది, జేసీబీలొచ్చినయి. అంత కూలగొట్టిండ్రు. వారసత్వ జాగల అట్ల కట్టుడు తప్పే అయితే అయ్యింది. నేననేది ఏందంటే, ఎక్కనీకి వచ్చినోడు తెల్లారి బ్యాగు ఏసుకొని ఇంకో దేశం పోయిండు. ఈ ఊరోడు ఆడనే మిగిలిండు. నువ్వు తెలకపల్లిని హంపీ చేస్తనంటవా?

ఆయన: లేదు. అసలు అలా కాకూడదనే అంటున్నా.

తమ్ముడు: ఇంకొకటి. ప్యారిస్ పక్కన ఫాంటెన్‌బ్లో అని ఒక అడివి ఉన్నదని నువ్వే చెప్పినవు. నూరేండ్ల కెల్లి ఆడ ఎక్కేటోళ్లంత ప్యారిస్‌ల నౌకరి చేసుకుంట ఆదివారం రైలెక్కి వచ్చినోళ్లే అని. మంచిగెక్కేటోళ్లు పట్నంల తయారైండ్రు, అడివిల కాదు. ఎందుకంటే ఆడ పదిమంది ఉంటరు, ఒకల సూసి ఒకలు నేర్సుకుంటరు. ఇప్పుడు ఒలింపిక్స్‌ల వెట్టిండ్రు. స్పీడ్ అని పదిహేను మీటర్ల గోడ, ప్రపంచమంత ఒక్క తీరే. అమెరికా పిల్లగాడు ప్యారిస్‌ల 4.74 సెకన్లల్ల ఎక్కిండు. ఆ గోడ యాడుంటే అదే వానికి మంచి ఊరు. రాయితోని పనే లేదు.

ఆయన: గోడ ఎక్కడం వేరురా. గోడ మీద పట్టు ఎర్ర రంగులో ఉంటుంది, ఇక్కడ పట్టుకో అని చెబుతుంది. రాయి చెప్పదు. వెతుక్కోవాలి. పొద్దున చలికి నీ వేళ్ల కింద ఆ పలుకులు ఎలా కరిచి పట్టుకున్నాయో నీకు తెలియదా? అదే బండ సాయంత్రం జారుడుబల్ల. అరచేతితో తట్టి, మోగితే నమ్మి, దబ్బుమంటే వదిలేసి... ఇది నువ్వు పుట్టినప్పటి నుంచి చేస్తున్నావు, నేను ముప్పై ఏళ్లొచ్చాక నేర్చుకుంటున్నా. నీ దగ్గర నేర్చుకోవడానికే వస్తానంటున్నా.

తమ్ముడు ఇక్కడ చాలాసేపు పల్లీలు ఒలుస్తూ కూర్చున్నాడు. నేను కిందికి వెళ్లి చాయ్ పెట్టుకొచ్చాను. వచ్చేసరికి వాడి గొంతు తగ్గింది.

తమ్ముడు: బావా, నువ్వొచ్చేసరికి నేనుండ.

ఆయన: అంటే?

తమ్ముడు: డార్జిలింగ్ రాసిన. హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌ల ఇరవై ఎనిమిది దినాల బేసిక్ కోర్సు. మే బ్యాచ్‌ల సీటొచ్చింది. అది అయినంక భువనగిరి. ఆడ రాక్ క్లైంబింగ్ స్కూల్ల పిల్లలకు నేర్పే పని దొరుకుతదేమో సూస్త. లేకుంటే సిటీల గోడ ఎక్కించే జాగల. నెలకు జీతమొస్తది. ఎక్కుడుతోనే బతుకుడు.

ఆయన: నాకు చెప్పలేదేం?

తమ్ముడు: ఇల్లు కడ్తా అంటివి. ఎట్ల చెప్పాలె? పూర్ణను సూడు. నిజామాబాద్ దిక్కు పాకాల. కూలీల బిడ్డ. గురుకులంల చదివింది, భువనగిరి బండ మీద నేర్సుకున్నది, డార్జిలింగ్ పోయింది, 2014 మే 25 నాడు ఎవరెస్ట్ మీదున్నది. పద్నాలుగేండ్లు గూడ నిండలే. ఖమ్మం ఆనంద్ ఆమెతోనే ఎక్కిండు. ఆళ్లు పుట్టిన ఊర్ల నేర్పే దిక్కుంటే భువనగిరి దాకా ఎందుకు పోతుండిరి? నెల్లూరు మస్తాన్‌బాబు? 2006ల 172 దినాలల్ల ఏడు ఖండాల ఏడు శిఖరాలు ఎక్కిండు. కోరుకొండ సైనిక్ స్కూల్ల చదివినప్పుడు, ఎవరెస్ట్ మీద పానం ఇడిసిన ఆ బడి పాత విద్యార్థి ముచ్చట విని, గప్పుడే మనసుల వెట్టుకున్నడంట. ఎక్కేటోనికి ముందుగాల కావాల్సింది గుండు కాదు బావా. చెయ్యి వట్టి నేర్పేటోడు, అది సూసి బువ్వ వెట్టే జాగ. నీకు జీతం ఉన్నది గాబట్టి నీకు మంచి ఊరు గుండ్ల దగ్గర. నాకు మంచి ఊరు జీతం దగ్గర.

నాకు దెబ్బ తగిలినట్టయింది. పదేళ్లుగా మా ఇంట్లో ఈ ముచ్చట నడుస్తూనే ఉంది, ఎక్కడ రాయి బాగుంటుంది, ఎక్కడ నీడ ఉంటుంది, ఎక్కడికి ఎన్ని గంటలని. తాడు కింద కొస పట్టుకునే వాడికీ ఒక ఊరు కావాలని మా ఇద్దరికీ తట్టలేదు. తమ్ముడు అక్కడే ఉంటాడు, గుండులాగా, అనుకున్నాం.

ఆయన: నువ్వు వెళ్లు. వెళ్లొద్దని నేననను. కానీ నేర్పేవాడు లేడంటున్నావే, నేర్పేవాడు కావడానికే కదా నువ్వు వెళ్లేది? భువనగిరిలో ఐదువందల అడుగుల పైచిలుకు ఒకే బండ ఉంది, నిజమే. దాని మీద కోట కట్టిన చాళుక్యుల కాలం నుంచి అది అక్కడే ఉంది. బడి మాత్రం ఈ మధ్యే వచ్చింది. ఒకరు పూనుకుంటే వచ్చింది. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల మూడు జిల్లాల్లో ఎన్ని గురుకులాలున్నాయి, ఎన్ని గుండ్లున్నాయి? మీ వైపు ఊళ్ల పేర్లలోనే గట్టు ఉంది కదరా. గట్టు రాయిపాకుల, గట్టు నెల్లికుదురు. గద్వాల దగ్గర ఏకంగా గట్టు అనే మండలమే ఉంది.

తమ్ముడు: పేర్లున్నయి. కింద పడితే దవాఖాన? పోయినేడు సిటీల నీ మడమ విరిగితే ఇరవై నిమిషాలల్ల బెడ్డు మీదున్నవు.

ఆయన: 2022 నుంచి నాగర్‌కర్నూల్‌లో మెడికల్ కాలేజీ ఉంది, వనపర్తిలోనూ ఉంది.

తమ్ముడు: ఉన్నది. గుండు కాడికెల్లి రోడ్డు దాక ఎట్ల తెస్తవు? చేన్ల గట్టు మీద ఇద్దరే ఉంటే, ఒకడు పడితే, ఒకడే మోస్తడా? అక్క మోస్తదా?

నేను మోస్తానని అన్నాను. ఇద్దరూ నా వైపు చూశారు, అప్పటిదాకా నేనక్కడ ఉన్నట్టే గుర్తులేనట్టు. అప్పుడు నా మాట చెప్పాను. ఇల్లు కట్టే ముందు మూడు పనులు చెయ్యమన్నాను. ఆ గుండు పట్టా భూమిలో ఉందో, సర్కారు భూమిలో ఉందో తెలుసుకోండి, క్వారీ లీజు కోసం ఎవరైనా అడిగారేమో కూడా. రెండోది, మీ ఇద్దరే కాకుండా ఊళ్లో ఇంకో నలుగురు పిల్లలకి తాడు పట్టడం రావాలి, ఆడపిల్లలు కూడా. మూడోది, నాకు నేర్పండి. పదేళ్లుగా కింద కూర్చుని మీ చెప్పులకీ నీళ్ల సీసాలకీ కాపలా ఉన్నాను.

ఆయన నాకు నేర్పుతానని చాలాసార్లు అన్నాడు. నేనే భయపడ్డాను. అది కూడా చెప్పాలి కదా.

తెల్లారి ఆరుంబావుకి ముగ్గురం గుండు దగ్గరున్నాం. చేల మీద మంచు. బండ మీద చెయ్యి పెడితే కుండలో నీళ్లంత చల్లగా ఉంది. తమ్ముడు పైకి పోయి పెద్ద రాయి చుట్టూ లావు తాడు తిప్పి కట్టి వచ్చాడు, రెండుసార్లు గుంజి చూశాడు. నా నడుముకి పట్టీ బిగించాడు, ఎక్కడానికి కాదు, కింద నిలబడటానికి. మా ఆయన తన నడుము దగ్గర ఎనిమిది అంకెలాంటి ముడి వేసి, దాన్ని నాకు చూపించి, చదవమన్నాడు. తాడు రెండు పాయలూ పక్కపక్కనే పోవాలి, ఎక్కడా ఒకదాని మీదికి ఒకటి ఎక్కకూడదు. చూశాను. సరిగ్గానే ఉంది. కుడిచేతిని తాడు మీంచి ఎప్పుడూ తియ్యకూడదని తమ్ముడు మూడుసార్లు చెప్పాడు. నా వెనక తాడు కొస వాడూ పట్టుకున్నాడు.

ఆయన మొదటి గుంతలో వేళ్లు దోపాడు. కిందికి చూడకుండానే అడిగాడు.

"మే దాకా ఉంటావు కదరా? ఇంకా నాలుగు నెలలుంది."

"మే దాకా నేనుంట," అన్నాడు తమ్ముడు నా వెనక నుంచి. "మార్చి దాటితే బండ ఉండనియ్యదు. ఎక్కు, పొద్దెక్కుతున్నది."